సందెవేళ వినిపించిన పేరు

సరిహద్దులో మళ్ళీ కాల్పులు మొదలయ్యాయన్న రోజుల్లో కూర్మారావు బాబాయిని చూడటానికి రాజాం వెళ్ళాను. ఆయన నాకు రక్తసంబంధం కాదు. ఏమవుతాడని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. ఆయన కూతురూ అల్లుడూ ధాన్యం వ్యాపారం చేసుకుంటూ బజారు వీధిలో మేడ మీద కాపురం ఉంటున్నారు. కింద కొట్లోంచి వడ్ల దుమ్ము వాసన మెట్ల మీదుగా పైకి వస్తూ ఉంటుంది. నేను వెళ్ళేసరికి ముందుగదిలో టీవీ హోరెత్తిపోతోంది. తెర నిండా మంటలు, వాటి మీద ఎర్రటి అక్షరాలు, ఒకరి మాట ఇంకొకరికి వినపడకుండా అరుచుకుంటున్న మనుషులు. అవతలి వాళ్ళ రేవు తగలబడిపోయిందని ఒకాయన చెప్పాడు. నేను కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోగా ఆ రేవు ఊసే లేకుండా పోయింది, ఇంకేదో ఊరు పట్టేసుకున్నామని మొదలైంది. ఇంట్లోవాళ్ళు ఓ కన్ను టీవీ మీద, ఓ కన్ను చేతిలో ఫోన్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. బాబాయి మంచం మీద గోడకి చేరగిలబడి, చెవి మాత్రం ఇటు పడేసి ఉన్నాడు. ఎండిన కాళ్ళ మీద దుప్పటి. నన్ను చూసి, ఎప్పుడొచ్చేవే అని కూడా అడగలేదు.

"వరాలూ, పేర్లేవైనా సెప్పేరేటే?" అని నన్నే అడిగాడు.

"ఏం పేర్లు నాన్నా? ఇంకా ఏమీ తెలియదు, పడుకో," అంది కూతురు, కళ్ళు టీవీ మీంచి తిప్పకుండానే. ఆమెకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు అర్థమైంది. చేతిలో గ్లాసు పక్కన పెట్టి వెళ్ళి ఆయన మంచం మీద కూర్చున్నాను. శ్రీకాకుళం తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళు బడిలో తెలుగు పాఠాలు చెప్పి, మనవల్ని ఎత్తుకున్నదాన్ని. నాగావళి వంతెన దాటేటప్పటికి నాకు మళ్ళీ పదేళ్ళు.

మా ఊరు నౌపడకి ఆనుకునే ఉంటుంది. ఇంటి అరుగు మీద నిలబడితే ఒక వైపు మా వరిచేలు, ఇంకో వైపు ఉప్పు మళ్ళు కనిపించేవి. గాలి తిరిగితే చాలు, ఉప్పు బురద వాసన వంటింట్లోకి వచ్చేసేది. పొద్దున్నే పొయ్యి మీద చోడి అంబలి ఉడుకుతుండగా తాత రేడియో మీద కప్పిన గుడ్డ తీసేవాడు. అది మా చిన్నాన్న సైన్యంలో చేరాక మొదటి సెలవుకి వస్తూ ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన ట్రాన్సిస్టరు. దానికి తాత తనే ఒక నీలం గుడ్డ కుట్టించాడు. పెరట్లో వెదురు గెడ పాతి, దాని కొస నుంచి రాగి తీగ లాగి రేడియోకి తగిలించాడు. బ్యాటరీలు నీరసిస్తే మిరపకాయల పక్కన చాప మీద ఎండబెట్టి, వేడెక్కాక మళ్ళీ వేసేవాడు. స్టేషను తెరిచే ముందు వచ్చే ఆ రాగం, తర్వాత భక్తి పాటలు, తర్వాత వార్తలు. గంట కొట్టగానే తాత చేతి గడియారం ముల్లు సరిచేసుకునేవాడు, అది సరిగ్గానే ఉన్నా సరే. విశాఖ స్టేషనులో పొలం పనుల కార్యక్రమం వచ్చేటప్పుడు పక్కింటి రైతులు అరుగెక్కి కూర్చునేవారు. ఢిల్లీ వార్తలు మొదలైతే మాత్రం ఎవరూ దగ్గడానికి కూడా లేదు. దగ్గొచ్చినవాడు దిగి వీధిలోకి వెళ్ళి దగ్గి రావాలి. తాతకి రేడియోలో చెప్పింది నిజం. చెప్పనిది ఇంకా జరగలేదు.

నాన్నమ్మకి ఆ నమ్మకం లేదు. ఆవిడ కష్టం వేరు. వార్తలు చదివేవాడి తెలుగు ఆవిడకి అర్థమయ్యేది కాదు. అడ్డచుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, గోడవార మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. మంత్రివర్గం, అధివేశనం, అల్పపీడనం అని ఒక్కో మాట వచ్చినప్పుడల్లా మోచేత్తో పొడిచేది. "ఒలే వరాలూ, ఏటంటన్నాడే ఆడు?" నేను బళ్ళో నేర్చుకున్నంత మేరకి ఆ మాటల్ని మా మాటల్లోకి మార్చి చెవిలో చెప్పేదాన్ని. సముద్రంలో గాలివాన కడతన్నాదట నాన్నమ్మా. కొత్త మంత్రులొచ్చినారట. నాకు తెలియనప్పుడు తెలియదనేదాన్ని. "తెలీకుండా అంతసేపు ఏటి సదివినాడే ఆడు?" అని రేడియో వైపు కోపంగా చూసేది. సంగీతం వచ్చినప్పుడు మాత్రం నన్ను పొడవాల్సిన పని ఉండేది కాదు. వీణ కచేరీ వస్తుంటే చుట్ట ఆర్పేసి, కళ్ళు మూసుకుని వినేది. అది ఎవరు వాయిస్తున్నారో, ఏ రాగమో ఆవిడకి అక్కర్లేదు. "ఇదీ, ఇది తెలస్తన్నాది నాకు," అనేది.

మా చిన్నాన్న పేరు కూర్మారావు. శ్రీకూర్మం దేవుడి పేరు పెట్టుకున్న ఇళ్ళు మా వైపు బోలెడు. ఉప్పు మళ్ళ గట్టు మీద ఒక గుడిసెలో ఉండే పైడమ్మ కొడుకు పేరూ కూర్మారావే. వాళ్ళిద్దరూ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. మాస్టారు కూర్మారావూ అని పిలిస్తే ఇద్దరూ లేచేవారట. అందుకని ఊళ్ళో మావాడు పొడుగు కూర్మడు, పైడమ్మ కొడుకు పొట్టి కూర్మడు అయిపోయారు. పైడమ్మ మొగుడు పోయాక ఉప్పు గంపలు మోసి ఆ ఒక్క కొడుకుని పెంచింది. విజయనగరంలో సైన్యానికి మనుషుల్ని ఎంచుతున్నారని తెలిసి ఇద్దరూ ఒకే రైలెక్కి వెళ్ళారు. పొట్టి కూర్మడు ఎత్తు సరిపోదేమోనని భయపడి ఆ రైల్లో దారంతా పై బల్ల పట్టుకుని వేలాడాడని చిన్నాన్న చెప్పి నవ్వేవాడు. ఇద్దరినీ తీసుకున్నారు, ఒకే దళంలో వేశారు. మా నాన్న అప్పట్లో ఉప్పు మళ్ళ పని చూసుకునేవాడు, మాటలు తక్కువ. ఇంట్లో నవ్వంతా చిన్నాన్న సెలవుకి వచ్చినప్పుడే.

ఆ చలికాలం యుద్ధం వచ్చింది. సముద్రం దగ్గర కాబట్టి సందె పడ్డాక దీపాలు బయటికి కనపడకూడదని దండోరా వేశారు. కిటికీలకి గోనెపట్టాలు కట్టాం. ఆ చీకటి ఇంట్లో రేడియో ముందు చిన్న ఎర్ర దీపం ఒక్కటే వెలిగేది. వార్తలు చదివేవాడి గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉండేది, తొందర లేదు, తడబాటు లేదు. ఆ గొంతు నిలకడగా ఉంది కాబట్టి అంతా బాగానే ఉందని తాత అనేవాడు. నేను నోరు తిరగని ఊళ్ళ పేర్లు నాన్నమ్మకి చెప్పేదాన్ని. "మనోడు అక్కడున్నాడేటే?" "తెలీదు నాన్నమ్మా." అక్కడ అంటే ఎక్కడో తాతకీ తెలియదు. కొద్ది రోజుల్లోనే మనం గెలిచామని రేడియో చెప్పింది. నౌపడ స్టేషను దగ్గర బాణాసంచా కాల్చారు. మా అమ్మ బెల్లం పరమాన్నం వండింది. గోనెపట్టాలు విప్పేశాం. ఆ తర్వాత, ఇంక భయమేమీ లేదని అందరం అనుకున్నాక, టెలిగ్రాం వచ్చింది. మీ కుమారుడు కనిపించుట లేదు. అలాంటిదే ఇంకోటి పైడమ్మ గుడిసెకి వెళ్ళింది.

ఏడుపు వెంటనే రాలేదు ఎవరికీ. చనిపోయాడంటే ఏడవటం తెలుసు. కనిపించటం లేదంటే ఏం చెయ్యాలో తెలియలేదు. తాత రేడియో దగ్గరికి ఇంకా దగ్గరగా జరిగాడు. పొద్దుటి వార్తలు, మధ్యాహ్నం వార్తలు, సాయంత్రం వార్తలు, ఏదీ వదల్లేదు. పార్లమెంటులో ఉపన్యాసాలు, సభలు, సన్మానాలు, పంటల ధరలు. ఒకరోజు నాన్నమ్మ లేచి నిలబడి రేడియోతోనే మాట్లాడింది. "గెలిసేమని సెప్పినోడివి, మావోడేడీ అంటే సెప్పవేటి?" తాత గుడ్డ కప్పేశాడు. వార్తల మధ్యలో గుడ్డ కప్పటం నేను అదే మొదటిసారి చూశాను.

నౌపడ రైల్వే క్వార్టర్లలో ఉండే గార్డు గారు ఒకరోజు తాతని పక్కకి పిలిచి చెప్పాడు. అవతలి దేశం రేడియోలో సందెవేళ, తమకి చిక్కిన మన సిపాయిల పేర్లు చదువుతున్నారట. ఖరగపూర్ వైపు ఎవరికో అలాగే తమ్ముడి సంగతి తెలిసిందట. తాత ఆ మాటకి మండిపడ్డాడు. "ఆళ్ళ మాట నమ్మమంటావేటయ్యా? మన రేడియో సెప్పకుండా ఆళ్ళ రేడియో సెబుతాదా?" ఇంటికొచ్చి ఆ కోపమంతా నాన్నమ్మ ముందు వెళ్ళగక్కాడు. ఆవిడ చుట్ట నోట్లోంచి తీసి, "ఆ రేడియో ఎక్కడొస్తాదో ముందు సూడు, తర్వాత తిట్టుదువుగాని," అంది.

అలా ఆ సందెవేళల కాలం మొదలైంది. పక్షులు గూళ్ళకి చేరే వేళకి తాత తలుపులు వేసేవాడు. రేడియో మూల గదిలోకి మార్చాం. ముల్లు వెంట్రుక వాసి కదిపితే చాలు, ఈలలు, గరగరలు, చైనా పాటలు, ఎవరో నవ్వటం, ఆ హోరు లోపల్నించి సన్నగా ఒక గొంతు. అది దగ్గరికి వచ్చి, వెంటనే కెరటంలా వెనక్కి పోయేది. ఆ భాష మా ఇంట్లో ఎవరికీ రాదు. నాన్నమ్మ అలవాటుగా నా వైపు చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. అందుకని గార్డు గారి భార్య మినతిని తీసుకొచ్చారు. ఆవిడ ఒడియా మనిషి, రైల్వే కాలనీల్లో పెరిగింది, హిందీ బాగా వచ్చు. రైలు కట్ట మీంచి నడిచి, కొంగు తల మీద కప్పుకుని రోజూ వచ్చేది. రేడియోకి చెవి ఆనించి, చెయ్యి పైకెత్తి, "శుణ, శుణ," అనేది. వినండి అని. మేము ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఒక్కో పేరు ఆవిడ మళ్ళీ పలికేది. ఏ పంజాబు వాడో, ఏ కొండ ఊరి వాడో. ప్రతి పేరుకీ, మా వాడు కాదని తెలిసినా, నాన్నమ్మ రెండు చేతులూ జోడించి కళ్ళకి అద్దుకునేది. ఆ పిల్లడి తల్లి కూడా ఎక్కడో ఇలాగే కూర్చుని ఉంటుందని ఆవిడ ఆలోచన.

పైడమ్మ రెండో రోజో మూడో రోజో వచ్చింది. ఎవరూ పిలవలేదు. పనిలోంచి తిన్నగా వచ్చినట్టుంది, కాళ్ళ మీద ఉప్పు తెల్లగా ఎండి ఉంది. గుమ్మం అవతలే కూర్చోబోతే నాన్నమ్మ, "అక్కడ ఏటి ఇనిపిస్తాది? లోనికి రా," అంది. ఇద్దరూ ఒకే గోడకి ఆనుకుని కూర్చునేవారు.

శత్రువుల రేడియో వింటే పట్టుకుపోతారని ఊళ్ళో అనుకోవటం మొదలైంది. నిజమో కాదో ఎవరికీ తెలియదు, అందుకే ఇంకా భయం. ఒక సాయంత్రం పేర్లు చదువుతుండగానే వీధి తలుపు కొట్టారు. మా నాన్న సందులోంచి చూసి, కానిస్టేబులు అన్నాడు. తాత చెయ్యి ముల్లు మీదే ఉండిపోయింది. నేనే వెళ్ళి విశాఖ స్టేషను వైపు తిప్పేశాను. కొబ్బరి చెట్లకి ఎరువు ఎప్పుడు వెయ్యాలో చెబుతున్నారు. కానిస్టేబులు లోపలికి వచ్చాడు. మూల గదిలో, చీకట్లో, కొబ్బరి ఎరువు గురించి ఇంతమంది ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఆయన ఒక్కొక్కరి మొహం చూశాడు. మినతి కొంగు ఇంకా కిందకి లాక్కుంది. "ఇటెల్తంటే దాహమేసింది," అన్నాడు. మా అమ్మ చెంబు తెచ్చి ఇచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, నాన్నమ్మ వైపు తిరిగి, "మీ వోడి కబురేటైనా తెలిసిందేటమ్మా?" అని అడిగాడు. లేదని తల ఊపింది. "తెలస్తాదిలే. ఇంటూ ఉండండి," అని వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక మళ్ళీ ముల్లు తిప్పితే అక్కడ పేర్లు అయిపోయి ఏదో గజల్ వస్తోంది. ఆ రోజు ఎవరి పేర్లు చదివారో మాకు ఎప్పటికీ తెలియలేదు. పైడమ్మ ఆ పాట అయ్యేదాకా కదలకుండా కూర్చుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి వచ్చింది ఆ పేరు. ఆ రోజు గాలి లేదు, గొంతు మామూలుకన్నా తేటగా ఉంది. మినతి ఒక్కో పేరూ పలుకుతూ వస్తోంది. ఉన్నట్టుండి ఆవిడ నోరు ఆగిపోయింది. కానీ మేమంతా విన్నాం. భాష రాకపోయినా అర్థమైంది. కుర్మా రావ్. ఆ చదివేవాడి నోట్లో అది ఎవరిదో కొత్త పేరులా ఉంది, అయినా మాదే. ఆ వెంటనే, ఎవరి కొడుకో చెప్పే చోట, గరగరమని హోరు ముంచేసింది. తాత ముల్లు అటూ ఇటూ కదిపాడు. హోరు తేలేసరికి చివరి మాట ఒక్కటే దొరికింది. సిరీకాకోలం. తర్వాత ఇంకెవరిదో పేరు.

"బతికున్నాడు," అన్నాడు తాత. నాన్నమ్మ గొంతులోంచి వచ్చిన చప్పుడు నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. "నా కొడుకే. నా కొడుకే," అంటూ నన్ను గట్టిగా పట్టుకుంది. మా అమ్మ ఏడుస్తోంది. అప్పుడు నాకు నాన్నమ్మ భుజం మీంచి పైడమ్మ కనిపించింది. ఆవిడ కూడా నోరు తెరిచే ఉంది. నా కొడుకు అనబోయి ఆగినట్టుంది. గదిలో ఒక్కొక్కరికే తట్టింది ఆ సంగతి. చప్పుడు దానంతట అదే ఆగిపోయింది. "తండ్రి పేరు ఏటన్నాడమ్మా?" అని మా నాన్న మినతిని అడిగాడు. ఆవిడ రెండు చేతులూ చూపించింది. "నాకు పడలేదు బాబూ. ఆ మాట పడలేదు." పైడమ్మ లేచి, ఎవరివైపూ చూడకుండా, ఉప్పు గట్టు మీద చీకట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మళ్ళీ చదువుతారని ఆశపడ్డాం. చదవలేదు. ఒకసారి చదివిన పేరు వాళ్ళు మళ్ళీ చదవరని అప్పుడు తెలిసింది. కానీ ఊళ్ళోవాళ్ళు మా ఇంటికి వచ్చి పలకరించి వెళ్ళటం మొదలైంది. కూర్మడు బతికున్నాడటగా, మంచి కబురు విన్నాం. మాకు భూమి ఉంది, అరుగుంది, రేడియో మా ఇంట్లో ఉంది. కబురు కూడా మాదే అయి ఉంటుందని అందరూ అనుకున్నారు. పైడమ్మ గుడిసెకి ఒక్కరూ వెళ్ళలేదు. నాన్నమ్మ ఆ పలకరింపులు విని తల ఊపేది, తర్వాత కంచం ముందు కూర్చుని ఒక్క ముద్ద కూడా మింగలేకపోయేది.

చివరికి ఒక పొద్దున్న నన్ను వెంటబెట్టుకుని ఉప్పు గట్టు మీదకి బయల్దేరింది. పైడమ్మ గుడిసె ముందు గంప అల్లుకుంటోంది. నాన్నమ్మ నేల మీదే కూలబడి, దారంతా కూర్చుకుని వచ్చిన మాట చెప్పింది.

"ఒలే పైడీ. ఎవుడొచ్చినా మనిద్దరి కొడుకే అనుకుందామే. ఏటంటావు?"

పైడమ్మ గంప పక్కన పెట్టింది. "అలాగనుకోనేనమ్మా," అంది. "నీకు అబద్దమెందుకు సెప్పాలి? ఆ పేరు నా కొడుకుదే అవ్వాలని మొక్కుతన్నాను. పొద్దున్న లెగిసి అదే మొక్కు. అంటే నీ కొడుకు కాకూడదనే గదా. మొక్కీసి, నోరు మూసుకుని ఏడస్తన్నాను."

నాన్నమ్మ తిడుతుందనుకున్నాను. ఆవిడ చీర చెంగుతో మొహం తుడుచుకుని, "నానూ అంతేనే," అంది. "సరే. అలాగే మొక్కుదాం. సందేలకి వొచ్చీ. నువ్వు రాకపోతే నాకు ఇనబుద్ది కావట్నేదు." పైడమ్మ ఆ సాయంత్రం వచ్చింది. ఒకే గోడకి ఆనుకుని, ఒకే చోటు నుంచి వచ్చే గొంతు వింటూ, ఒకరి కొడుక్కి వ్యతిరేకంగా ఒకరు మొక్కుకుంటూ ఆ ఇద్దరూ కూర్చునేవారు. పదేళ్ళ పిల్లకి అది అర్థం చేసుకోవటం చాలా కష్టం. ఇప్పుడు కూడా పూర్తిగా అర్థమైందని చెప్పలేను.

ఎండలు ముదిరి ఉప్పు పండటం మొదలయ్యాక సర్కారు నుంచి కబురొచ్చింది. పైడమ్మకి. ఆమె కొడుకు అవతల బందీగా ఉన్నాడు, క్షేమం. పోస్టుమాను ముందు మా ఇంటి దగ్గరే ఆగి చెప్పాడు, మాకూ ఏమైనా ఉందేమోనని సంచి మళ్ళీ వెతికాడు. లేదు. తాత సంచిలోకి వంగి చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు సందెవేళ రేడియో పెట్టాలా వద్దా అని ఎవరికీ తోచలేదు. తాతే తలుపులు వేసి ముల్లు తిప్పాడు. పేర్లు చదవటం ఇంకా అడపాదడపా సాగుతోంది. మినతి వచ్చింది. నాన్నమ్మ గోడ దగ్గర ఒక్కతే కూర్చుంది. కాసేపటికి తలుపు కదిలింది. పైడమ్మ. గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రావచ్చో రాకూడదో తెలియక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ మొహంలో సంతోషం దాచుకోవటానికి పడుతున్న అవస్థ నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. "నీకింక పనేటి ఉన్నాదే ఇక్కడ?" అంది నాన్నమ్మ. కోపంగా కాదు, నిజంగానే అడిగింది. "నీ వోడిది ఇనాల గదమ్మా," అని వచ్చి పక్కన కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ పేర్లు పూర్తిగా ఆగిపోయేదాకా ఆవిడ ఒక్క సందె తప్పలేదు.

మా చిన్నాన్న పేరు ఎప్పుడూ రాలేదు. వాన గరగరల్లో వచ్చి మాకు అందకుండా పోయిందేమో అని తాత చాలా ఏళ్ళు అనుమానపడ్డాడు. కానిస్టేబులు వచ్చిన సాయంత్రం చదివారేమో అని నాన్నమ్మ. ఆ తర్వాత పేర్లు ఆగి, అక్కడి నుంచి పాటలూ నాటకాలూ మాత్రమే వచ్చేవి. తాత కొన్నాళ్ళు అవి కూడా విన్నాడు. మన వార్తలు మళ్ళీ విన్నాడు గానీ, గంట కొట్టినప్పుడు గడియారం ముట్టుకోవటం మానేశాడు.

అప్పట్లో కబురు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. రోజుకి కాస్సేపు ఒక గొంతు మాట్లాడి ఊరుకునేది. మిగతా పొద్దంతా ఆ మాటని మేము నములుకుంటూ, అనుమానిస్తూ, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడిపేవాళ్ళం. అది సుఖమని నేను అనను. ఆ నిశ్శబ్దం ఎంత భయంకరంగా ఉండేదో అనుభవించినవాళ్ళకి తెలుసు. రేడియో అన్నీ చెప్పిందనీ అనను, మాకు కావలసిన ఒక్క ముక్క అది ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఒక మనిషి పేరు చదివేటప్పుడు ఆ గొంతు, శత్రువు గొంతే అయినా, నెమ్మదించేది. ఎక్కడో ఒక తల్లి వింటుందని తెలిసినట్టు చదివేది. ఇప్పుడు నా ఇంట్లో టీవీ ఉంది, ఫోనుంది, క్షణం ఖాళీ లేకుండా కబుర్లు. మొన్న ఆ వారమంతా ఆపకుండా చూశాను. చూసిన కొద్దీ భయం పెరిగింది గానీ, ఏ ఇంటి వాకిట్లో ఎవరు కూలబడ్డారో మాత్రం తెలియలేదు. రాజాంలో బాబాయి ఆ హోరు మధ్య చెవి పెట్టి వెతుకుతున్నది దానికోసమే.

ఆయన తిరిగొచ్చింది మరుసటి ఏడు చలికాలంలో. నౌపడ స్టేషనుకి ఊరంతా వెళ్ళింది. తాత వెళ్ళాడు, మా నాన్న వెళ్ళాడు. నాన్నమ్మ మాత్రం పొయ్యి దగ్గరే కూర్చుంది. పొట్టి కూర్మడు తల్లి గుడిసెకి వెళ్ళకముందే మా ఇంటికి వచ్చాడు. మనిషి సగమైపోయాడు, మెడలో ఎముకలు కనిపిస్తున్నాయి. నాన్నమ్మ కాళ్ళ మీద పడి లేవలేదు. ఏదో చెప్పబోయాడు. చెరకు తోట అన్నాడు, పొగ అన్నాడు, నేను ఎడమ పక్కకి పరుగెత్తేను, ఆడు కుడి పక్కకి అన్నాడు. అంతకన్నా రాలేదు మాట. నాన్నమ్మ ఆయన్ని లేపి పీట మీద కూర్చోబెట్టి, అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆయన ముద్ద కలుపుతాడు, ఆవిడ మొహం చూస్తాడు, చెయ్యి ఆగిపోతుంది. "తినరా," అంది. "ఆకలితో ఉన్నాడేటో అని ఏడాదినుంచి నాను తినకపోతే ఆడి కడుపు నిండినాదేటి? తిను." తిన్నాడు. కంచం ఖాళీ చేసేదాకా ఆవిడ కదల్లేదు. పైడమ్మ అరుగు మీద కూర్చుని ఉంది, లోపలికి రాలేదు.

ఆయన చెయ్యి కడుక్కుని, వెళ్ళొస్తానమ్మా అని చెప్పలేక గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. నాన్నమ్మ లేచి ఆయన దగ్గరికి వెళ్ళింది. తలెత్తి మొహంలోకి చూసింది. మావాడి మొహం చూడాలంటే ఆవిడ ఇంకా తలెత్తాల్సి వచ్చేది.

"మళ్ళీ రా," అంది. "నిన్ను సూస్తే నాకు కష్టంగానే ఉంటాది. అయినా రా."

వచ్చాడు. పంట ఇంటికి వచ్చినప్పుడు, మా తాత పోయినప్పుడు, నా పెళ్ళిలో, నాన్నమ్మ చూపు తగ్గి ఎవరు వచ్చారో గుర్తుపట్టలేని రోజుల్లో కూడా. గుమ్మంలో చెప్పులు విడిచి, "కూర్మడినమ్మా," అనేవాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఏ కూర్మడని అడక్కుండా, పక్కన చోటు చూపించేది.